అర అంగుళం వదులు

ఎడమ అరచేతిలో చీమలు.

కనబడని చీమలు. బొటనవేలి మొదట్లో బయలుదేరి, చూపుడువేలు చుట్టి, నడిమివేలు ఎక్కి, తిరిగి మణికట్టు దగ్గర గుంపుకడతాయి. సిగ్నల్ దగ్గర క్లచ్చు పట్టుకుని ఆగిన ప్రతిసారీ ఇదే వరస. ఎర్రదీపం పచ్చబడేలోపు ఆ చెయ్యి తనది కాకుండా పోతుంది...

ఆయన్ని అందరూ పుర్రచేతి మాస్టరంటారు. బడిపిల్లల యూనిఫాంలు కుట్టే దుకాణంలో కటింగ్ మాస్టరు. కుడిచేత్తో కత్తెర పట్టడం నేర్పబోయి గురువే విసిగి వదిలేశాడు. చివరికి ఎడమచేతికి అమరేలా ఒక కత్తెర ప్రత్యేకంగా చేయించుకున్నాడు. ముప్ఫై ఏళ్లుగా ఆ కత్తెర, ఆ చెయ్యి.

ఆ పనికి ఆయన దగ్గర మరో చెయ్యి లేదు.

కాబట్టి లోపం బండిలో ఉండాలి.

క్లచ్చు గట్టిపడింది — అంతే. పోను గంట, రాను గంట. అంతసేపు గట్టి క్లచ్చు పిసికితే ఎవరి చేతికైనా తిమ్మిరెక్కుతుంది. బండి బాగుపడితే చెయ్యి బాగుపడుతుంది.

లోపం బండిలోనే ఉండాలి.

అలా అనుకునే మొన్న షోరూంలో సర్వీసుకిచ్చాడు. సాయంత్రానికి బండి తళతళలాడుతూ వచ్చింది. ట్యాంకులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. సీటుకి ఏం పూశారో ఏమో, ఇంటికి చేరేదాకా మాస్టరు జారుతూనే ఉన్నాడు. క్లచ్చు మాత్రం మునుపటికంటే మొండికేసింది. పైన పటారం, లోన లొటారం.

మర్నాడే వెళ్లి చెప్పాడు. సూపర్‌వైజరు కంప్యూటర్ మీంచి చూపు తిప్పలేదు.

"బండి పర్ఫెక్టుగా ఉంది సార్. క్లచ్చు టైట్ చేశాం. మావాళ్లు ఇద్దరు తోలి చూశారు, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు."

"మరి నాకు—"

"రెండ్రోజులు నడపండి సార్. అలవాటైపోద్ది."

కోపం రావాల్సింది. రాలేదు. భయమేసింది.

ఇద్దరు తోలారు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు... ఆ మాట దారంతా ఆయన వెనక సీటు మీద కూర్చునే వచ్చింది.

ఇవాళ సెలవు.

వరండాలోకి ఎండ సగం దాకా వచ్చి ఆగింది. మాస్టరు గోనెపట్టా పరిచాడు. రెండు పానాలు, ఒక స్క్రూడ్రైవరు, మెడలో టేపు, జేబులో సుద్ద, కుట్టుమిషను నూనె డబ్బా. చొక్కా కొలతలు తీసేముందు మనిషిని చూసినట్టే బండిని చూసి, దాని ముందు కూర్చున్నాడు.

అలసటగా ఉంది. రాత్రి నిద్ర లేక వచ్చిన అలసట కాదు. నెలరోజులుగా ఒక సంగతి దాచిపెట్టడం వల్ల వచ్చిన అలసట.

పోయిన నెల నలభై చొక్కాల గుడ్డ ఒకటే దొంతరగా పేర్చి కోశాడు. నలభై చంకలూ పావు అంగుళం పక్కకు పోయాయి. ముప్ఫై ఏళ్లలో ఎన్నడూ లేదు. కత్తెర మొద్దుబారిందని సాన పట్టించాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు... కత్తెరేం చేసిందండీ పాపం!" అని భార్య నవ్వింది.

వారం తిరక్కుండా రెండోసారి సాన పట్టించాడు. ఆమె నవ్వలేదు.

ఆ తర్వాత ఆ సామెత ఆమె నోట రాలేదు.

ఇంజను దగ్గర్నుంచి హ్యాండిల్ దాకా క్లచ్చు వైరు వెంట వేలు పోనిచ్చాడు మాస్టరు. కుడిచేతి వేలు. గుడ్డలో ముడత వెతికినట్టు, మెల్లగా... హెడ్‌లైటు వెనక వేలు ఆగింది.

అక్కడ వైరు మెలిక పడి ఉంది. వేలాడకుండా ఉండాలని ఎవరో ప్లాస్టిక్ పట్టీ వేసి హ్యాండిల్ గొట్టానికి బిగించి కట్టేశారు. వైరుకు మెసిలే చోటు లేదు. పైగా దాన్ని చివరికంటా లాగి బిగించారు. అంత లాగి కడితే అది గట్టిగా ఉండక ఇంకెలా ఉంటుంది!

దొరికింది.

మాస్టరు నవ్వాడు. నెల తర్వాత వచ్చింది ఆ నవ్వు. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి, ఎవరూ చూడలేదు కాబట్టి పరవాలేదు.

"ఏంటండీ, ఒక్కరే నవ్వుకుంటున్నారు?" బట్టలు ఉతుకుతున్న భార్య తడిచేతులతోనే వచ్చింది.

"చూడవే వీళ్ల తెలివి! పశువుని కట్టేసినట్టు కట్టేశారు వైర్ని. ఇట్లా కడితే ఏనుగొచ్చి నొక్కినా కదలదు."

ఆమె వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"అంటే... చెయ్యి కాదన్నమాట."

నెల రోజుల్లో ఆ మాట ఆ ఇంట్లో పైకి వినబడటం అదే మొదలు. ఆయన దాస్తున్నాననుకున్నాడు. ఆమె చూడనట్టు ఉండిపోయింది.

"చేతికేం? నిక్షేపంలా ఉంది," అన్నాడు మాస్టరు.

పట్టీ కోశాడు. వైరు ఊపిరి పీల్చుకుని తన వంపులోకి తాను వెళ్లింది. పైకొన ఊడదీసి మిషను నూనె చుక్కలు వదిలాడు. ఒకటి... ఆగి, ఇంకొకటి... కింది కొసన నూనె మెరిసేదాకా కాచుకున్నాడు. తొందరపడితే గుడ్డా వినదు, ఇనుమూ వినదు.

తర్వాత ఇంజను దగ్గరి నట్లు. ఒకటి కదలకుండా పట్టుకుని, రెండోది తిప్పాలి. రెండు చేతులకు రెండు పానాలు.

ఎడమచేతి పానా జారింది. కణుపు ఇంజను రెక్కకు గీసుకుంది. గోరుచుట్టు మీద రోకలిపోటు.

"చెమట," అన్నాడు.

"ఎండ కదా," అంది ఆమె.

మళ్లీ పట్టాడు. తిప్పాడు. సుద్దతో గుర్తు పెట్టి అర చుట్టు వదిలాడు. లివరు కొసన టేపు పెట్టి చూశాడు. బరువు తగలకముందు అర అంగుళం దాకా ఖాళీగా ఊగాలి. అంతకు తక్కువైతే క్లచ్చు జారుతుంది, ఎక్కువైతే గేరు పడదు. టేపు మీద సరిగ్గా అర అంగుళం. గీసి కోసినట్టు వచ్చింది.

"ఉండండి, ముందు నేను చూస్తా."

రెండే రెండు వేళ్లు వేసి నొక్కింది. లివరు చప్పుడు లేకుండా వచ్చేసింది.

"అబ్బ, వెన్నపూసలా ఉందండీ!"

ఆమె మొహం వెలిగింది. ఆ మొహం చూస్తూనే మాస్టరు లివరు మీద ఎడమచెయ్యి వేశాడు. నాలుగు వేళ్లూ వేశాడు.

అర అంగుళం తేలిగ్గా వచ్చింది. ఆ తర్వాత స్ప్రింగు ఎదురు తగిలింది.

చీమలు బయలుదేరాయి.

వేళ్లు సగం ముడుచుకున్నాయి... ఆగాయి. లివరు వేళ్లను తోసుకుంటూ టక్కున వెనక్కి పోయింది.

మళ్లీ నొక్కాడు. మళ్లీ టక్కుమంది.

వరండాలో ఎండ ఉన్నచోటే ఉంది. పక్కింటి రేడియోలో ఎవరో వార్తలు చదువుతున్నారు. మాస్టరు భార్య వైపు చూడలేదు. వైరు వైపే చూస్తూ అన్నాడు —

"ఇంకా కాస్త గట్టిగానే ఉంది."

 

ఆమె దగ్గరికొచ్చి లివరు మీద మళ్లీ చెయ్యి వేసింది. ఈసారి నాలుగు వేళ్లూ వేసింది. మొహం ముడుచుకుని, పళ్లు బిగబట్టి, చాలా కష్టంగా నొక్కింది.

"అవునండీ," అంది. "గట్టిగానే ఉంది."



మాస్టరు కుడిచేత్తో ఒక పానా అందుకున్నాడు. రెండోదాని కోసం చూస్తే, అది అప్పటికే ఆమె చేతిలో ఉంది. గోనెపట్టా మీద ఆయనకు ఎడమపక్కన కూర్చుని, నట్టుకు పానా తగిలించి కదలకుండా పట్టుకుంది.

"తిప్పండి."

ఇంకా వదిలితే గేర్లు పడవు. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసే తిప్పాడు. ఒక చుట్టు... ఇంకో చుట్టు...

ఎడమచెయ్యి ఒళ్లో ఊరికే పడి ఉంది.

అందులో చీమలు తిరుగుతూనే ఉన్నాయి.