పిండి కలపని రోజు

పన్నెండేళ్ళ కాపురంలో ఖజాన్ సింగ్ వంటింటి సంగతి అడగడం అదే మొదటిసారి.

“మొన్న మేం బయల్దేరే ముందు సాయంత్రం పిండి ఎంత కలిపావు?”

ఆయన పెరట్లో పీట మీద కూర్చుని తల ముందుకు వంచి ఉన్నాడు. పెరుగు పట్టించిన జుట్టు మోకాళ్ళ దాకా వేలాడుతోంది. నిహాల్ కౌర్ చెంబుతో నీళ్ళు పోస్తోంది. ఉప్పెక్కువైతే కంచం తోసేయడం, తక్కువైతే ఆమె పుట్టింటిని ఎత్తిపొడవడం తప్ప పొయ్యి మీద ఏం ఉడుకుతోందో ఎన్నడూ పట్టని మనిషి. అలాంటివాడికి హఠాత్తుగా పిండితో ఏం పని? ఆమె చెయ్యి ఆగింది. కళ్ళలోకి పెరుగు కారుతోందని కసిరాడు.

“గుర్తులేదు” అందామె.

“గుర్తు తెచ్చుకో. ఐదుగురికి దారిబత్తెం. అంత పిండిముద్ద నెత్తిన పెట్టుకుని ఫజలా తందూరుకి వెళ్ళావు. అది చూసింది. రేపు సభలో ఆ ఒక్కమాట చెప్పు చాలు, మిగతాది నేను చూసుకుంటాను.”

తెల్లదొరల అండ చూసుకుని గురుద్వారాలు పట్టుకు కూర్చుని, వాటి భూములు మింగుతున్న మహంతుల మీద ఆ ఏడు పంజాబంతా రగులుతోంది. ఊరూరా మగవాళ్ళు దండు కట్టి, చెయ్యెత్తకుండా లాఠీదెబ్బలు తినడానికి వెళుతున్నారు. వీళ్ళ ఊరు కోట్ మల్లియా నుంచి ఐదుగురు నల్ల తలపాగాలు చుట్టుకుని, ఎవరికీ చెప్పకుండా, తెల్లవారకముందే బయల్దేరారు. కాలవ వంతెన దగ్గర పోలీసులు పెళ్ళివారికి ఎదురొచ్చినట్టు వరసగా నిలబడి ఉన్నారు. నలుగురు దొరికిపోయారు. ఊరిపెద్ద బాబా వర్యామ్ సింగ్ కొడుకు సుందర్ సింగ్‌కి కాలు విరిగింది. ఖజాన్ సింగ్ ఒక్కడే తప్పించుకొచ్చాడు. అప్పటి నుంచి ఊళ్ళో ఒకటే ప్రశ్న. చెప్పిందెవరు?

జవాబు ఖజాన్ సింగ్ దగ్గర సిద్ధంగా ఉంది. ఫజలా. ముస్లిం మనిషి, మేనల్లుడు ఠాణాలో జవాను. సిక్కు, హిందూ, ముస్లిం అని లేకుండా ఊరి ఆడవాళ్ళందరూ పిండి తెచ్చి ఆమె తందూరులోనే రొట్టెలు కాల్పించుకుంటారు. ఎవరింట్లో చుట్టాలు దిగారో, ఎవరింట్లో పస్తో పిండిముద్ద చూసి చెప్పేస్తుంది. ఆ రోజు నిహాల్ కౌర్ తెచ్చిన పిండి చూసి దండు బయల్దేరుతోందని కనిపెట్టింది, మేనల్లుడి చెవిన వేసింది.

కథ బాగానే అతికింది. ఒక్క చిక్కు. ఆ రోజు నిహాల్ కౌర్ పిండి కలపలేదు.

మండుటెండల్లో రొట్టెలు మర్నాటికి చెప్పుతోళ్ళవుతాయని, ఇంట్లోనే గోధుమపిండి నేతిలో వేయించి, బెల్లం, సోంపు కలిపి పంజీరీ చేసింది. గుప్పెడు నోట్లో వేసుకుని నీళ్ళు తాగితే పూటంతా నడవచ్చు. అప్పుడు అత్తగారు కూతురింటికి వెళ్ళి ఉంది. ఏం చేశావని అడిగినవాళ్ళు లేరు. తెల్లవారుజామున ముందు నడిచి దారి చూసొస్తానని ఖజాన్ సింగ్ వెళ్ళిపోతే, ఆ మూట సుందర్ సింగ్ చేతికే ఇచ్చింది.

మరి ఈయన తిరిగొచ్చాక ఇదే పెరట్లో, వచ్చినవాళ్ళందరికీ ఏం చెబుతున్నాడు? కాలవ గట్టున కూర్చున్నాం, మూట విప్పాం, తలో రొట్టె పట్టుకున్నాం, ఉల్లిపాయ చితక్కొట్టాం, ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే మీద పడ్డారు అని. విన్నవాళ్ళు అయ్యో అంటున్నారు. చివరిసారి చెప్పినప్పుడు మామిడికాయ పచ్చడి కూడా వచ్చి చేరింది.

మూట విప్పినప్పుడు ఈయన అక్కడ లేడు. అక్కడ లేకపోతే మరెక్కడున్నట్టు?

ఒక అనుమానం తలుపు తీస్తే వెనకాలే పది దూరతాయి. కిందటి నెల తహసీల్దారు పిలిపించి, దండుల వాళ్ళతో తిరిగితే లంబర్దారీ ఊడుతుందన్నాడు. ఊరి శిస్తు వసూలు చేసే తాతల నాటి పెత్తనం. ఈయన చెమటలు కక్కుతూ వచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నుంచి భక్తి ముదిరింది. ముస్లిం గాజులవాడి చేత గాజులు తొడిగించుకోకూడదన్నాడు. పీరు సమాధి దగ్గర దీపం పెడితే కాళ్ళు విరుస్తానన్నాడు. అసలు ఆమె పుట్టింది పట్నంలో హిందూ దుకాణదారు ఇంట్లో, వీరాంవాలిగా. పెళ్ళినాడు సిక్కు దీక్ష ఇచ్చి, అమృతం పట్టించి నిహాల్ కౌర్ అన్నారు, సరేనంది. అయినా మజ్జిగ విరిగితే చాలు, కొట్లు నడిపే లాలాల పిల్లకి గేదె విలువేం తెలుసని అత్తగారి నోరు లేస్తుంది. ఈమధ్య ఊరి మగవాళ్ళందరికీ మతచింత పట్టుకుంది. కొట్టు లాలా ఉప్పు తూస్తూ, పుట్టుక మర్చిపోకు బీబీ, రేపు ఆదుకునేది మేమే అన్నాడు. సిక్కుల పిండి నీ తందూరులో ఎందుకని మౌల్వీ ఫజలాని నిలదీశాడట. తందూరు చేత కూడా కలమా చదివించమంటారా అని అడిగానని ఫజలా నవ్వుతూ చెప్పింది. ఇంటాయన, లాలా, మౌల్వీ, ముగ్గురిదీ ఒకటే మాట. వాళ్ళని నమ్మకు. నమ్మదగినవాళ్ళెవరో మాత్రం ఒక్కడూ చూపించలేదు.

తల దువ్వుతూ, మెల్లగా అంది.

“ఫజలా పేరు ఎత్తకండి. ఎవరో తెలియదనండి. నేనూ ఏమీ అనను.”

ఆయన వెనక్కి తిరిగాడు. సంతలో పశువుని చూసినట్టు కాసేపు చూశాడు.

“ఏమీ అనవా? ఏం అనగలవని?” నవ్వాడు. “నీ మాటకి విలువ నా పేరు తోడున్నంత వరకే. దాని తందూరు పగలగొడతారు, ఊళ్ళోంచి పంపేస్తారు. నీకు పెరట్లో కొత్తది కట్టిస్తాలే. చిక్కు సరిగ్గా తియ్యి.”

ఆయనకి భయం లేదని ఆమెకి అప్పుడర్థమైంది. భయపడాలంటే ముందు ఈమెకి ఏదో తెలిసి ఉంటుందని అనిపించాలి కదా.

భయమంతా ఆమెదే. తుపాకులు పట్టుకుని చెరుకుతోటల్లో తిరిగే కుర్రాళ్ళున్నారు. పక్క ఊళ్ళో పోలీసులకి కబుర్లు మోసినవాణ్ణి వాడి గుమ్మంలోనే కాల్చేశారు. నోరు విప్పితే మొగుడు పోతాడు. విప్పకపోతే ఫజలా పోతుంది. ఆ రాత్రి ఎన్ని అబద్ధాలు అల్లినా, అన్నిట్లోనూ ఎవరో ఒకరు పోతూనే ఉన్నారు.

మర్నాడు గురుద్వారా ముంగిట్లో సభ. మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు గోడవార. ఫజలా గుమ్మం పక్కన నిలబడింది. మోచేతుల దాకా పాత కాలినమచ్చలు. ఖజాన్ సింగ్ కథంతా మళ్ళీ చెప్పాడు. పచ్చడి ఈసారి కూడా ఉంది. మా ఇంటిదాన్నే అడగండి అన్నాడు.

“చెప్పమ్మా” అన్నాడు బాబా వర్యామ్ సింగ్.

నిహాల్ కౌర్ లేచింది. ముసుగు తియ్యలేదు.

“బాబాజీ, ముందు ఆయన్ని అడగండి. ఆ మూటలో ఏముందో.”

“రొట్టెలు, ఇంకేముంటాయి?” ఖజాన్ సింగ్ విసుక్కున్నాడు. “పిచ్చి ప్రశ్నలూ నువ్వూనూ.”

“నేను రొట్టెలు కట్టలేదు. పంజీరీ కట్టాను. తందూరుకి వెళ్ళనేలేదు.”

గోడవార నుంచి సుందర్ సింగ్ భార్య ప్రసిన్నీ లేచింది. నిన్ననే లాకప్పుకి వెళ్ళి మొగుణ్ణి చూసొచ్చిన మనిషి.

“మామయ్యా, మీ అబ్బాయి కూడా అదే అన్నాడు. కడుపులో వదిన పంజీరీ ఉండబట్టి దెబ్బలకి ఓర్చుకున్నామన్నాడు. రొట్టెల మాట అనలేదు.”

చీకట్లో ఏం తిన్నామో ఎవరికి గుర్తుంటుందని ఖజాన్ సింగ్ గొణిగాడు. పంజీరీకి ఉల్లిపాయ నంజుకున్నావా అని వెనక నుంచి ఎవరో అడిగారు. నవ్వు రాలేదు. చివర కూర్చున్న ఇద్దరు కుర్రాళ్ళు చెప్పులేసుకుని బయటికి వెళ్ళారు. ఎటు వెళ్ళారో అందరికీ తెలుసు. అత్తగారు గుండెలు బాదుకుంటూ, ముండ తన బొట్టు తానే చెరుపుకుందని శాపనార్థాలు మొదలుపెట్టింది.

“బాబాజీ, ఆయన్ని ఇప్పుడే ఠాణాలో దిగబెట్టించండి” అంది నిహాల్ కౌర్. “ఆయన్ని కాపాడేవాళ్ళు అక్కడే ఉన్నారు.”

కొడుకు కాలు విరిగిన తండ్రే గుర్రం కట్టమన్నాడు.

గుర్రమెక్కి ఖజాన్ సింగ్ అన్న మాట ఒకటే. “తాళంచెవులు బేబేకివ్వు.” అమ్మకిచ్చెయ్యమని. ఆమె ఇవ్వలేదు.

సాయంత్రం తందూరు రాజుకుంది. ఆడవాళ్ళు వచ్చారు, రొట్టెలు కాల్పించుకుని వెళ్ళారు. చివరికి ప్రసిన్నీ మిగిలింది.

“వదినా, ఒకటడుగుతాను. ఫజలా పేరు ఎత్తకుండా, ఎవరో తెలీదని ఆయన ఊరుకుని ఉంటే, నువ్వు చెప్పేదానివా?”

తందూరులో తిరుగుతున్న ఫజలా ఇనపచువ్వ ఆగింది.

ఎదుటివాళ్ళకి నచ్చే జవాబు వెతకడం నిహాల్ కౌర్‌కి పన్నెండేళ్ళ అలవాటు. ఇప్పుడూ వెతికింది. దొరికింది కూడా. దాన్ని పక్కన పెట్టింది.

“చెప్పేదాన్ని కాదు.”

ప్రసిన్నీ తలూపింది. అనుకున్నదే అన్నట్టు. రొట్టెలు గుడ్డలో చుట్టుకుంటూ, రేపు లాకప్పులో ఈ మాట మా ఆయనతో చెబుతానంది.

“నువ్వు చెప్పకు. నేనే వచ్చి చెబుతాను. నలుగురికీ.”

నమ్మాలా వద్దా అని ప్రసిన్నీ ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది.

“మసకలోనే బయల్దేరతాను. నీకోసం ఆగను.”

“ఆగక్కర్లేదు” అంది నిహాల్ కౌర్. “నీ వెనకే నడుస్తాను.”