లోపలి లేబుళ్లు

"ఇంట్ల ఖాళీగనే ఉంటవు గద, జర గీ లేబుళ్లు తెలుగుల రాయి."

పప్పుకు పోపు పెడుతుంటే మా ఆయన రాజశేఖర్ ల్యాప్‌టాప్ తెచ్చి పొయ్యి పక్కనే పెట్టిపోయాడు. బోధన్ వైపు చెరకు రైతుల సంఘం కోసం ఆయన చేస్తున్న వెబ్‌సైట్ అది. పెళ్లికి ముందు నిజామాబాద్‌లో ఇదే పని నేను జీతానికి చేశాను. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ గుర్తుండదు.

పైన రైతు ఫారం. దాని లోపల భార్య ఫారం ఇంకొకటి. పైదానికి రాసిన లేబుళ్లు, అంటే గడుల పక్కన కనిపించే 'పేరు', 'ఊరు' లాంటి మాటలు, లోపలిదానికి రావు, దానికి విడిగా రాసుకోవాలి. 'కలుపు' నొక్కితే తప్ప అది తెరుచుకోదు కూడా. వంటకూ అత్త మందులకూ మధ్య కూర్చుని అన్నీ రాశాను. చివర్లో, సైట్ చేసినవాళ్లలో నా పేరు కూడా పెట్టమంటే ఆయన నవ్వాడు.

"నీ పేరెందుకు? నువ్వు జేసిందేముంది, మాటలు మార్చుడే గద!"

"మొగోని పనిల ఆడిదాని పేరేందే?" అని అత్త హన్మవ్వ అందుకుంది.

ఒళ్లు మండిపోయింది. ఏడవలేదు. లోపలి ఫారం తెరిచి, రాసినవన్నీ తీసేసి, మళ్లీ మొదటి నుంచీ రాశాను. ఆయన పైన రైతు పేరు, ఊరు చూసి "మంచిగున్నది" అన్నాడు. లోపలికి వెళ్లడని నాకు తెలుసు. ఇన్నేళ్లలో ఎన్నడు వెళ్లాడు గనక!

సైట్ మొదలుపెట్టే రోజు సంఘం హాల్లో పెద్ద తెర కట్టారు. నన్ను చాయ్ పంచడానికి తీసుకెళ్లాడు. మైకు పట్టుకుని "మొత్తం నేనొక్కన్నే చేసిన" అంటుంటే, చందూర్ నుంచి వచ్చిన లింగవ్వ ముందు వరసలోంచి లేచింది.

"మా ఆయన పేరు సరే. చెరుకు కొట్టేది నేను. నా పేరేడ వస్తది బిడ్డా?"

"గిదిగో అవ్వా" అని ఆయన 'కలుపు' నొక్కాడు.

పేరు రాయాల్సిన చోట 'నీ పేరెందుకు?' అని వచ్చింది. పని దగ్గర 'ఇంట్ల ఖాళీగనే ఉంటవు గద'. చదువు దగ్గర 'సదివి ఏం ఉద్ధరించినవ్?' ఆదాయం దగ్గర 'కూసోని తింటున్నవ్'. ఆడవాళ్లు ఒక్కొక్కటే గట్టిగా చదివారు. మొదట నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

"ఎవడు రాసిండు గిది?" లింగవ్వ గొంతు హాలంతా వినిపించింది.

ఆయన చెమట తుడుచుకుంటూ నా వైపు చూశాడు. "ఏయ్, గివేంది?"

ఎంత హాయిగా ఉందో చెప్పలేను. చాయ్ ట్రే ఆయన చేతుల్లో పెట్టి మైకు తీసుకున్నాను.

"మాటలు మా ఆయనవే అవ్వా. రాసింది నేను. నా పేరు సుమన."