మాడిన పాలగిన్నె

గిన్నె తోమకుండా పక్కన పెట్టడం ఈ ఇంట్లో నాకదే మొదటిసారి. పాలు స్టవ్ మీద పెట్టి ఈయన కళ్ళజోడు వెతకడానికి వెళ్ళాను. అది ఆయన తలమీదే ఉంది. వచ్చేసరికి పాలన్నీ ఇగిరిపోయి, స్టీలు గిన్నె అడుగంటి మాడిపోయింది. తోమబోతూ ఆగాను. మాడు అంచున గోధుమరంగు, దానిపైన సన్నటి నీలం, ఆ పైన మెరుపులో వంకర తిరిగిన మా కిటికీ నీడ. ఇన్నేళ్ళూ తోమానే గానీ దాన్ని ఏనాడూ చూడలేదు.

దాన్ని గీద్దామని రోజూ మధ్యాహ్నం పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. మెరుపుని గీయలేం. చుట్టూ నలుపు వేసుకుంటూ వెళ్ళి, మెరిసేచోట కాగితాన్ని వదిలెయ్యాలి. నేను చెయ్యి పెట్టకపోతే ఏదీ కదలని ఇంట్లో, అలా వదిలెయ్యడం నేర్చుకోవడమే కష్టమైంది.

"గిన్నె ఇంట్లోనే ఉందిగా, మళ్ళీ దాని బొమ్మెందుకోయ్?" అన్నారు ఈయన.

నేను వెళ్ళే బొమ్మల క్లాసువాళ్ళు ఆదివారం మా బొమ్మలు గోడకి పెడుతున్నారు. నేను చేసిన పనిని బయటివాళ్ళు నిలబడి చూడబోవడం ఇదే మొదలు. బొమ్మలో మాడు సగం వరకూ వచ్చింది.

ఇవాళ వంటింట్లోకి వెళితే గిన్నె తళతళలాడుతోంది. పక్కనే అత్తయ్య, చేతిలో పీచు, ఎర్రగా కందిపోయిన వేళ్ళు.

"నలుగురూ చూసేదాన్ని అలాగేనా పెట్టేది? కోడలికి గిన్నె తోమడం కూడా రాదనుకోరూ? నా మోచేతులు పడిపోయాయనుకో!"

ఏడుపొచ్చింది. కానీ ఆ వేళ్ళు చూశాక వెళ్ళి బొమ్మ తెచ్చి చూపించాను. ఆవిడ చెయ్యి తుడుచుకుని, నేను గీసిన మాడుని గోటితో మెల్లగా గీకి చూసింది.

"ఊడిరావట్లేదే!" అంది. చాలాసేపు చూసి, "నా చేతిలో ఏనాడూ పాలు మాడలేదమ్మాయ్. మాడనిస్తే కదా ఎవరైనా!"

తనే పాలు పోసి మంట పెద్దది చేసింది. "నువ్వెళ్ళి పెన్సిలు చెక్కుకో."

అదే మచ్చ మళ్ళీ రాదు. రాకపోతేనేం, సగం నా మాడు, సగం ఆవిడది గీస్తాను.

"ఏదో మాడుతోందోయ్! ఎవరూ చూసుకోరా?" ముందుగదిలోంచి ఈయన గొంతు. అలవాటుగా లేవబోయాను. అత్తయ్య భుజం పట్టి కూర్చోబెట్టింది.

"మాడనీరా," అని కేకేసింది కొడుక్కి. "మేమిద్దరం పనిలో ఉన్నాం."