పదకొండు దెబ్బలు

లిఫ్టులు బాగుచేసేవాళ్లకు రెండు నియమాలుంటాయి. మరమ్మతుకు దిగేముందు లిఫ్టును తనిఖీ మోడ్‌లో పెట్టాలి. పని అయ్యాక మళ్లీ మామూలు నడకకు తేవాలి. తనిఖీలో ఉన్న లిఫ్టు నత్తనడక నడుస్తుంది, ఎవరు ఏ బటన్ నొక్కినా పట్టించుకోదు. ఆ రెండో నియమం మర్చిపోయినవాళ్లను మన మెకానిక్ పాతికేళ్లుగా చెడామడా తిడుతూనే ఉన్నాడు. ఒకడినైతే వారం రోజులు పనిలోకి రావద్దని ఇంటికి పంపేశాడు. అంతటివాడు సొంత ఇంటి హాల్లో అదే తప్పు చేసి, ఆ నేరం తీసుకెళ్లి అక్క కళ్ల మీద వేశాడు.

అక్కకు తొమ్మిదో ఏట జ్వరం వచ్చి వినికిడి పోయింది. మాట మాత్రం నిలిచింది. ఎదుటివాళ్ల పెదాలు చూసి ఏమంటున్నారో పట్టేస్తుంది, జవాబు గట్టిగా చెబుతుంది, ఎంత గట్టిగానో ఆమెకు తెలియదు. ఆ ఇంట్లో ఏ రహస్యమూ నిలవకపోవడానికి సగం కారణం అదే. చిరిగిన కోటుకు పోగుకు పోగు కలిపి, చిరుగు ఎక్కడుండేదో చింపుకున్నవాడికే తెలియకుండా నేసి ఇవ్వడం ఆమె పని. బట్టలు బాగుచేసే షాపులో కిటికీ పక్క బల్ల ముప్పై ఏళ్లుగా ఆమెది.

మూడు నెలల కిందట తమ్ముడు ఒక ఆఫీసువాళ్లు వదిలించుకున్న పాత కంప్యూటర్‌లో కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించి, గోడంత టీవీకి తగిలించి, ఇంట్లో సినిమా హాలు కట్టినంత సంబరపడ్డాడు. మొదటి రోజే తెర అడుగున ఆకుపచ్చ చార ఒకటి కనిపించింది. కార్డు మీద అనుమానం వచ్చి, ప్లేయర్ సెట్టింగుల్లో 'హార్డ్‌వేర్ డీకోడింగ్' అన్న గడిలో టిక్కు తీసేశాడు. చార పోయింది. మర్నాడు కార్డును నడిపే కొత్త డ్రైవర్ సాఫ్ట్‌వేర్ వేశాడు, ఆ చారకు అసలు మందు అదే. టిక్కు సంగతి మాత్రం మర్చేపోయాడు.

వీడియో ఫైలంటే మడతలు పెట్టి కుక్కిన బట్టల పెట్టె లాంటిది. సెకనుకు యాభై బొమ్మల చొప్పున మడత విప్పి తెర మీద పరవాలి. ఆ ఒక్క పనికే పుట్టిన చిప్పు కార్డులో ఉంది. టిక్కు తీసేస్తే అది చేతులు కట్టుకుని కూర్చుంటుంది, చాకిరీ అంతా ముసలి ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. ప్రాసెసర్ అందుకోలేకపోతే ప్లేయర్ బొమ్మల్ని పారేస్తుంది, శబ్దాన్ని మాత్రం ఆగనివ్వదు.

ఇంట్లో మిగతా ఇద్దరికీ తేడా తెలియలేదు. మెకానిక్ భార్య టీవీని వంటింట్లోంచి వింటుంది. అతనేమో చూడడం కంటే చూపించడం ఎక్కువ. ఎవరొచ్చినా బొమ్మను ఆపి, "ఆ చెక్కలో గీతలు చూడండి, లెక్కపెట్టుకోవచ్చు" అనేవాడు. ఆగిన బొమ్మకు ఏ లోటూ లేదు. కదిలేటప్పుడు కాస్త బరువుగా ఉన్నట్టు అనిపించినా, ఇంత పెద్ద తెర కదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

లోటంతా అక్కకే వచ్చింది. వారానికి మూడు సాయంత్రాలు ఒక ముసలి వడ్రంగి కార్యక్రమం ఉంటుంది. మీసం లేని మొహం, కెమెరాకు ఎదురుగా నిలబడి నింపాదిగా మాట్లాడతాడు. "నా వడ్రంగి" అనేది అక్క. పాత చిన్న టీవీలో అతని ప్రతి మాటా పట్టేది. కొత్త తెర వచ్చాక మాటల మధ్యలోంచి మాటలు మాయమయ్యాయి.

"నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. మధ్యలోది అందట్లేదురా," అంది.

"తెర మూడింతలైందక్కా. దాంట్లో కూడా కనపడట్లేదంటే కళ్లు చూపించుకోవాలి," అన్నాడు తమ్ముడు. వెటకారం కాదు, అతనికి నిజంగానే భయం వేసింది.

కళ్ల డాక్టర్ కొత్త అద్దాలు రాశాడు. అద్దాలు వచ్చాయి గానీ మాటలు రాలేదు. అద్దాలకు లొంగలేదంటే లోపల ఇంకేదో పెద్దదే ఉందనుకున్నారు. ఇంట్లోవాళ్ల పెదాలు అక్కకు కంఠతా వచ్చు. షాపుకొచ్చేవాళ్లు ఎప్పుడూ అనేది ఒకటే, ఇక్కడ చిరిగింది, ఎప్పుడిస్తారు. కాబట్టి కళ్లను పరీక్షించుకునే దారి ఆమెకు ఇంకోటి లేదు. సూదిలోకి దారం ఎప్పటిలాగే ఎక్కుతోంది, ఎక్కించే ముందు మాత్రం చెయ్యి ఆగుతోంది.

"ఉన్న కాస్త చూపూ ఆ కోట్లకు ధారపోయకు, పని మానెయ్," అని తమ్ముడు రోజూ పోరుపెట్టాడు. షాపు యజమానురాలు శనివారంలోగా ఏదో ఒక మాట చెప్పమంది. ఆ బల్ల కోసం ఇంకో మనిషి అడుగుతోందట. అక్క సరిగా తినడం మానేసింది. ఆ బల్ల వదలడమంటే ఆమెకు రెండోసారి చెవులు పోయినంత పని.

గురువారం సాయంత్రం వడ్రంగి ఒక చిన్న పెట్టెకు మూత బిగిస్తున్నాడు. మేకు నిలబెట్టి టకటకా కొట్టాడు. పోగులు లెక్కపెట్టే అలవాటున్న అక్క, వేళ్లు ముడుస్తూ చూసి, "ఏడు దెబ్బల్లో దింపేశాడు," అంది.

భార్య చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి, ఆమెకు ఎదురుగా నిలబడింది. "పదకొండు కొట్టాడు వదినా. అక్కణ్ణుంచే విన్నాను."

తమ్ముడికీ పదకొండే వినిపించాయి. అంటే నాలుగు దెబ్బలు అక్క కళ్లకు అందనే లేదు. అతని ప్రాణం ఉసూరుమంది. శనివారం దాకా ఎందుకు, రేపే మానిపించెయ్యాలి అనుకున్నాడు.

"మళ్లీ వెయ్యి," అంది అక్క. వేశాడు. ఈసారి ఆమెకు ఎనిమిది కనిపించాయి. మూడోసారి ఆరు.

"అదే మేకు, అదే వీడియో. చిరుగంటే ఒకచోట ఉంటుంది గానీ, చూసినప్పుడల్లా చోటు మారదు. శబ్దం తీసేసి నువ్వు లెక్కపెట్టు."

ఆమె మనసు కష్టపెట్టడం ఇష్టంలేక మ్యూట్ నొక్కాడు. చెవుల సాయం లేకుండా అతను తన తెరను చూడడం అదే మొదటిసారి. సుత్తి పైన ఉంది, ఇంకా పైనే ఉంది, అంతలోనే కింద ఉంది. వడ్రంగి మొహం ఒక్క గెంతులో పక్కకు తిరిగింది. ఏడు. మళ్లీ వేశాడు, తొమ్మిది. భార్యను లెక్కపెట్టమన్నాడు. ఆమెకు ఆరు వచ్చాయి.

"నావీ పోయాయా ఏంటండీ కళ్లు?" అంది భార్య.

అతను కీబోర్డు అందుకుని, లెక్కలు చూపించే మీట నొక్కాడు. తెర మూలన అంకెలు వచ్చాయి. నిమిషానికి మూడు వేల బొమ్మలు రావాల్సిన చోట రెండు వేలకు పైగా పారేస్తోంది. కింద ఇంకో వరుస ఉంది. హార్డ్‌వేర్ డీకోడింగ్, ఆఫ్.

వారం రోజులు ఇంట్లో కూర్చోబెట్టిన మనిషి మొహం గుర్తొచ్చి తమ్ముడి చెవులు వేడెక్కాయి. గడిలో టిక్కు పెట్టాడు. కంప్యూటర్ ఫ్యాను హోరు ఒక్కసారిగా తగ్గింది. ఎంత ఒళ్లు వంచి పనిచేస్తోందో అని మూడు నెలలుగా అతను మురిసిపోయిన హోరు అది.

వడ్రంగి మేకు కొట్టాడు.

"పదకొండు," అంది అక్క. తర్వాత తెరకేసి చూస్తూ, చిన్నపిల్ల పాఠం అప్పజెప్పినట్టు అందుకుంది. "జిగురు ఆరేదాకా దీన్ని ముట్టుకోకండి, నేను ఈలోపు టీ తాగొస్తాను అంటున్నాడు." ఆ ముక్కకే ఆమెకు కళ్లనీళ్లొచ్చాయి. అద్దాలు తీసి కొంగుతో ఒత్తుకుంది.

భార్య మళ్లీ వంటింట్లోకి వెళ్లింది. ఆమె చెవిన పడితే ఈ సంగతి పదేళ్లపాటు చుట్టాలందరి ముందూ నడుస్తుందని తమ్ముడికి తెలుసు. అక్క ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని, గొంతు పెగల్చకుండా పెదాలతో మాత్రమే చెప్పాడు. తప్పు నాదే అక్కా, నీ కళ్లు బాగానే ఉన్నాయి, ఒక్క టిక్కు మర్చిపోయి నిన్ను ఇంత ఏడిపించాను, శనివారం నేనే షాపుకొచ్చి చెబుతాను.

అక్క అతని మొహంలోకే చూసింది. ఒక్క మాట కూడా జారిపోలేదని ఇద్దరికీ తెలుసు.

"ఏంట్రా? మళ్లీ చెప్పు," అంది, పక్కింటికి కూడా వినపడేలా. "నాకసలే కళ్లు కనపడవుగా."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. తమ్ముడు గొంతు సవరించుకుని, మొదట్నుంచి మొదలుపెట్టాడు.