ఎక్కడికి నాలుగు మైళ్ళు?

నెబ్రాస్కాలో పళ్ళ డాక్టరు వెండెల్ స్ట్రూబ్‌కి తన సొంత విమానమంటే ఎంత మోజో, పాతకాలం రేడియో పరికరాలంటే అంత చులకన. నేలమీది సిగ్నల్ స్టేషన్ ఎంత దూరంలో ఉందో చెప్పే పెట్టెను పీకించేసి, జీపీఎస్ బిగించుకున్నాడు. ఆ పెట్టెను క్లినిక్ తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టాడు. పన్ను నొప్పితో వచ్చి నోరు తెరిచిన ప్రతివాడికీ జీపీఎస్ మహిమ వినిపించేవాడు. నోట్లో చెయ్యి ఉండగా ఎదురు చెప్పేదెవరు?

ఇక బయటికి చూడకుండా, మీటర్లను మాత్రమే నమ్ముకుని మబ్బుల్లోంచి దిగే పరీక్ష ఒక్కటే మిగిలింది. అది నెగ్గకముందే, శనివారం విమానాశ్రయంలో జరిగే పాన్‌కేకుల విందుకి పరీక్ష నెగ్గినందుకు అభినందనలంటూ తన పేరుతో బ్యానర్ కట్టించేశాడు మహానుభావుడు.

పరీక్షాధికారి నార్మా హాస్కిన్స్ పక్క సీట్లో కూర్చుని, అతనికి బయటిదేదీ కనపడకుండా తలకి మూత తగిలించింది.

"నాలుగు మైళ్ళ దూరానికొచ్చాకే కిందికి దిగమంటోంది ఈ దిగే దారి చార్టు. దూరం చెప్పే పెట్టె ఏదీ?"

"మా క్లినిక్ తలుపు కాస్తోంది మేడమ్. దాని బదులు జీపీఎస్ వాడుకోవచ్చుగా!"

"వాడుకోవచ్చు. కానివ్వు."

దిశ చూపే రేడియో ముల్లు, దారి సరైనదేనంటూ నడిమధ్య నిలిచింది. జీపీఎస్ తెరమీద నాలుగు పడగానే వెండెల్ ఈల వేస్తూ విమానాన్ని దించేశాడు.

"విమానం నాకొదిలెయ్! మూత తియ్!" అంటూ నార్మా పైకి లేపింది.

ఎదురుగా మొక్కజొన్న ధరలు చెప్పే లోకల్ రేడియో టవరు. దాని కొసనున్న ఎర్రదీపం అతని కళ్ళ ఎత్తులోనే వెలుగుతోంది. వెండెల్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి.

"నాలుగనే చూపించింది మేడమ్!"

"ఎక్కడికి నాలుగు?"

"రన్‌వే... మొదటికి."

"చార్టు లెక్క రన్‌వే అవతలి కొసనున్న స్టేషన్ నుంచయ్యా! ఆ స్టేషన్‌కి దూరమెంతని నువ్వు జీపీఎస్‌ని అడిగావా? అడిగినదానికి అది సరిగ్గానే చెప్పింది. నువ్వే మైలున్నర ముందు దిగావు."

"ఇంకొక్కసారి..."

"అలాగే. ఇంకో పరీక్షలో."

శనివారం ఆ బ్యానర్ విప్పాలని ఎవరికీ గుర్తురాలేదు, గుర్తొచ్చినవాళ్ళూ విప్పలేదు. దాని కిందే కూర్చున్న ముసలి మెకానిక్ పాన్‌కేకు నములుతూ, "దీనిమీద పోసుకునే సిరప్ సీసా ఎంత దూరంలో ఉందో చూసి చెప్పు డాక్టర్!" అన్నాడు. వెండెల్ సిగ్గుతో చచ్చిపోయాడు.

సోమవారం క్లినిక్ తలుపుకి ఆ పెట్టె బదులు ఇటుక అడ్డం పెట్టి ఉంది. నోరు తెరిచిన వాళ్ళందరికీ డాక్టరు ఆ రోజు పళ్ళ గురించే చెప్పాడు.