నాలుగో ఎత్తు

మా ఆయన సాల్మన్ రాజుకి బుర్ర లేక కాదు, దాన్ని వాడటం ఇష్టం ఉండదు. ఏదైనా సరే కంఠతా పట్టేస్తాడు. చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠత వాక్యాలు అప్పచెప్పి బహుమతులన్నీ కొట్టేసిన మనిషి. కలకత్తాలో ఖిదిర్‌పూర్ ఓడల డాకులో గుమాస్తా అయ్యాక చదరంగం పుస్తకం ఒకటి కొని, దాన్నీ అలాగే మొదలుపెట్టాడు. రోజూ సాయంత్రం నేను పుస్తకం పట్టుకోవాలి, ఆయన అప్పచెప్పాలి. ఎక్కడైనా ఆగిపోతే మళ్లీ మొదటి నుంచి.

"ఏటండీ, మధ్యలోంచి అందుకోలేరా?" అనేదాన్ని.

"అలాగైతే తప్పు పోతాది, యూనిసూ."

నాకు ఒళ్లు మండేది. అయినా ఓర్చుకున్నాను. ఆ ఏడు పోర్టు క్లబ్బు ఫైనల్లో గెలిచినవాణ్ణి విశాఖపట్నం పోటీలకి పంపిస్తామన్నారు. తోడుగా ఇంకొకరికి కూడా వాళ్లే టికెట్టు ఇస్తారట. విశాఖలో మా చెల్లెలు లోయిస్‌కి పాప పుట్టింది. నేనింకా కళ్లారా చూడలేదు. ఆ రెండో టికెట్టు నాదేనని తీర్మానించేసుకున్నాను.

ఫైనల్లో ఎదురుగా హరిపద బాబు. ఆయన పుస్తకం మొహం చూడడు, ప్రతి ఎత్తూ ఆలోచించే వేస్తాడు. బజార్లో చేప కొనాలన్నా అరగంట ఆలోచిస్తాడని పేరు.

మొదట్లో ఆట పుస్తకంలో ఉన్నట్టే నడిచింది. మూడో ఎత్తులో హరిపద బాబు గుర్రాన్ని బయటికి తియ్యాలి. తియ్యలేదు. చివరి బంటుని ఒక గడి జరిపాడు. అది మా పుస్తకంలో లేదు.

మా ఆయన బిక్కమొహం వేసి నా వైపు చూశాడు. నోరు విప్పితే నన్ను బయటికి పంపేస్తారు. ఆయన పెదవులు కదిలాయి. మొదటి నుంచి అప్పచెప్పుకుంటున్నాడు. నాలుగో ఎత్తు దాకా రాగానే, ఎదుటివాడు ఏం ఆడాడో చూడకుండా, పుస్తకం చెప్పిన గడిలోనే తన గుర్రాన్ని పెట్టేశాడు. సరిగ్గా ఆ బంటు చంపే గడి అది. ఇక విశాఖా లేదు, గిశాఖా లేదనుకున్నాను.

హరిపద బాబు చెయ్యి బంటు దాకా వెళ్లి ఆగిపోయింది. ఫైనల్ దాకా వచ్చినవాడు గుర్రాన్ని ఊరికే ఇస్తాడా? కళ్లద్దాలు తుడుచుకున్నాడు. టీ తెప్పించుకున్నాడు. అది చల్లారిపోయింది. మా ఆయన ఐదో ఎత్తు నెమరేసుకుంటూ నింపాదిగా కూర్చున్నాడు. ఆ నింపాది చూసేసరికి హరిపద బాబుకి అనుమానం ఇంకా ముదిరింది. అలా ఆలోచిస్తూ ఉండగానే ఆట గడియారంలో ఆయనకిచ్చిన సమయం కాస్తా అయిపోయింది. ఆట మాదేనన్నారు.

"ఆ గుర్రం వెనక మర్మమేమిటి, రాజూ?" అని హరిపద బాబు బెంగాలీలో బతిమాలాడు. మా ఆయన గబగబా పావులు పెట్టెలో సర్దేశాడు.

క్లబ్బు సెక్రటరీ లేచి, ఆ రెండో టికెట్టు మీద విశాఖకి కోచ్‌గా హరిపద బాబునే పంపుదాం, ఇంతగా ఆలోచించే మనిషి మనకి ఇంకెవరున్నారు అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడు సాల్మన్ రాజు లేచాడు. నోట్లో ఏదీ గొణుక్కోలేదు, నా వైపూ చూడలేదు.

"నా కోచ్ మా ఆవిడ. ఆమె పక్కన లేకపోతే నాకు ఒక్క ఎత్తూ రాదు," అన్నాడు.

ఆ మాట నేనెప్పుడూ అప్పచెప్పించలేదు.