తొట్టిలో దిగిన అన్నదమ్ములు

మా మేనత్త బెనెడెట్టా భర్త గాస్పరే, ఆయన తమ్ముడు అన్సెల్మో పక్కపక్క ఇళ్లలోనే ఉండేవారు. మధ్యలో నల్లరాతి గోడ, దాని పక్కన ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న వాననీటి గుంట. ఒక ఎండాకాలం గాస్పరే ఆ గుంట మూతకు తాళం వేశాడు. అప్పటినుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. మా పాంతెల్లేరియా దీవిలో నీళ్ల దగ్గర తెగిన చుట్టరికం అంత తేలిగ్గా అతకదు.

ఆ సెప్టెంబరులో ఆఫ్రికా వైపునుంచి వేడిగాలి ఆగకుండా వీచింది. ఇసుక లోపలికి రాకుండా గాస్పరే వైను గది తలుపూ కిటికీ బిగించేశాడు. గదిలో నేలలోకి తొలిచిన రాతి తొట్లు రెండు. ఒకదానిలో ఎండుద్రాక్ష కలిపిన రసం ఇంకా బుసబుస పొంగుతోంది. రెండోదాన్ని అప్పటికే పీపాల్లోకి తోడేశారు. అడుగున మిగిలిన పిప్పి ఎత్తడానికి గాస్పరే నిచ్చెన దించాడు. నేను గదిలో ఒక మూలన ఖాళీ పీపాలు కడుగుతున్నాను.

"ముందు దీపం దించి చూడయ్యా. పక్క తొట్టి పొంగులోని విషగాలి అడుగున చేరుంటుంది, దీపం ఆరిపోతే దిగకు" అంది అత్త.

"మా నాన్న తొలిచిన తొట్టే, నన్ను మింగుతుందా? వాగుడు ఆపి బుట్ట అందుకో."

మొదటి బుట్ట పైకి వచ్చింది. తరవాతిది రాలేదు. అత్త వంగి చూసేసరికి గాస్పరే పిప్పిలో బోర్లా పడి ఉన్నాడు. నేను పరుగెత్తి తలుపు తీశాను. అత్త పెట్టిన కేకకు అన్సెల్మో గోడ దూకి వచ్చాడు. తీగలు కత్తిరించే కత్తెర ఇంకా అతని చేతిలోనే ఉంది.

"ఏమైంది వదినా?"

"మీ అన్న లేవట్లేదు! పైకి తియ్యి నాయనా, దిగి పైకి తియ్యి!"

మెడలోని రుమాలు ముక్కుకు కట్టుకుని దిగాడు. అన్న చంకల కింద చేతులు వేశాడు. "అన్నా, నేనే" అనడం నాకు వినబడింది. నిచ్చెన దాకా ఈడ్చుకొచ్చి, అక్కడే మోకాళ్ల మీద కూలిపోయాడు. నేను దిగబోతే అత్త నా జడ పట్టి వెనక్కి లాగింది. ఊరివాళ్లు వచ్చి తాళ్లు, కొక్కేలు వేసి తీసేసరికి ఇద్దరిలోనూ ఊపిరి లేదు.

పూడ్చిపెట్టిన మర్నాడు అన్సెల్మో భార్య అగాతా మా అత్త గుమ్మంలోకి వచ్చి నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"అక్కా, ఒక్క మాట అడుగుతాను. దిగొద్దని మా ఆయనకు చెప్పావా?"

"చెప్పింది, అగాతత్తా. నేను విన్నాను" అన్నాను నేను తొందరపడి.

"అది నా కోసం అబద్ధమాడుతోంది" అంది అత్త. "దిగమన్నది నేనే. ఆ వేళకి నా కళ్లకు నా మొగుడొక్కడే కనబడ్డాడు."

అగాతా ఏడవలేదు.

"గుక్కెడు నీళ్లు ఇవ్వని ఇంటికి ప్రాణం ధారపోసి వెళ్లాడు, పిచ్చి సన్నాసి" అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం అత్త అన్ని పీపాల బిరడాలూ ఊడదీసింది. నేనూ సాయం పట్టాను. తేనెరంగు వైను వాకిలి దాటి గోడ కింది రాళ్లలోకి ఇంకిపోయింది. కందిరీగలు ముసిరాయి. ఆ తియ్యటి వాసనకు ఇరుగుపొరుగు వాళ్లు చాలా రోజులు కిటికీలు తియ్యలేదు.

చలికాలంలో అగాతా పిల్లల్ని తీసుకుని, సముద్రం అవతల త్రాపని ఊళ్లో ఉన్న తల్లి దగ్గరికి పడవెక్కింది. అత్త వాళ్ల దారికి రొట్టెలు మూట కట్టుకుని రేవుకు వెళ్లింది. అగాతా మూట అందుకోలేదు, అలాగని విసిరికొట్టనూ లేదు. పెద్ద పిల్ల వచ్చి తీసుకుంది.

తరవాత అత్త ఇంకెప్పుడూ వైను పెట్టలేదు. రెండిళ్ల ద్రాక్షతోటల తీగలూ తనే చూసుకునేది. ఏటా అన్సెల్మో తోట కాపు విడిగా ఎండబెట్టి, గంపకెత్తి, త్రాపని పడవలో పంపేది. అటునుంచి కబురు రాలేదు. గంపా తిరిగి రాలేదు. రాలేదు గనక తీసుకుంటున్నారనే ఆమె అనుకునేది.